వార్షిక పఠన లక్ష్యం: వంద పేజీల లోపు పుస్తకాన్ని పూర్తి పుస్తకంగా లెక్కించవచ్చా?

హన్మకొండ పాఠకుడు:

మిత్రులందరికీ నమస్కారం. ఈ ఏడాది చదివిన పుస్తకాల జాబితాలు పెట్టి, వచ్చే ఏడాదికి ఎవరెవరు ఎన్ని చదవదలిచారో చెప్పాలని నిర్వాహకులు కోరారు కనుక నేనే మొదలుపెడుతున్నాను. వారానికి ఒకటి చొప్పున నేను పెట్టుకున్న 52 పుస్తకాల లక్ష్యం డిసెంబరు చివరి వారంలో పూర్తయింది. చదివిన వాటిలో నవీన్ గారి ‘అంపశయ్య’ను చాలా ఏళ్ల తర్వాత మళ్లీ చదవడం అన్నింటికన్నా తృప్తినిచ్చింది. 1969లో వచ్చిన ఆ నవల రవి అనే విశ్వవిద్యాలయ విద్యార్థి జీవితంలోని ఒక్క రోజు మాత్రమే. కాలేజీ రోజుల్లో చదివినప్పుడు ఆ కుర్రవాడి భయాలన్నీ నావే అనుకున్నాను. ఇప్పుడు, పిల్లలను హాస్టళ్లలో ఉంచి చదివించిన తర్వాత, అతణ్ణి చదువుకు పంపిన ఇంటివాళ్లు ఆ రోజు ఏం చేస్తూ ఉంటారా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ కూడా ఈ ఏడాదే పూర్తిచేశాను. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో దానికే వచ్చిందని అందరికీ తెలుసు గానీ, మన పూర్వుల తిండి గురించీ ఆటల గురించీ ఆయన ఎంత సరదాగా రాశారో చదివినవారికే తెలుస్తుంది.

ఇక అసలు విషయం. జాబితాలో సన్న పుస్తకాలను చేర్చవచ్చునా అని ఒకరిద్దరు నన్ను విడిగా అడిగారు. నా ఉద్దేశంలో పుస్తకం పుస్తకమే. గుడ్‌రీడ్స్ సైటులో 2011 నుంచి నడుస్తున్న పఠన సవాలులో కూడా పేజీలతో నిమిత్తం లేకుండా ప్రతి పుస్తకాన్నీ ఒకటిగానే లెక్కిస్తారు. మనం అంతకన్నా కఠినంగా ఉండవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. వచ్చే ఏడాదికి కూడా నా లక్ష్యం 52.

గ్రూప్స్ అభ్యర్థి:

సార్, అభినందనలు. నేను ఇండియన్ పాలిటీ పుస్తకాన్ని ఈ ఏడాది మొదటి నుంచి చివరి దాకా పదే పదే చదువుతూనే ఉన్నాను. దాన్ని ఒకటిగా లెక్కించాలో, చదివినన్ని సార్లుగా లెక్కించాలో కూడా పెద్దలు తేల్చగలరని మనవి.

కాజీపేట జంక్షన్:

హన్మకొండ సారుకు అభినందనలు. అయితే పుస్తకం పుస్తకమే అన్న మాట వినడానికి బాగుంటుంది గానీ లెక్కకు నిలవదు. విశ్వనాథ వారి ‘వేయిపడగలు’ వెయ్యి పేజీల దగ్గర ఉంటుంది. దానితో నెలల తరబడి కుస్తీ పట్టిన మనిషికీ ఒకటే, మధ్యాహ్నం భోజనానికీ సాయంత్రం చాయకూ మధ్య 40 పేజీలు ముగించిన మనిషికీ ఒకటే అయితే, డిసెంబరు వచ్చేసరికి ఎవరైనా ఏ పుస్తకం వైపు చెయ్యి చాస్తారో వేరే చెప్పనక్కరలేదు. 1964లో యునెస్కో గణాంకాల కోసం చేసిన సిఫారసులో, కవరు పేజీలు కాక కనీసం 49 పేజీలు ఉన్నదాన్నే పుస్తకం అన్నారు. అంతకు తక్కువదానికి వేరే పేరు, వేరే లెక్క ఉన్నాయి. మనం కనీసం ఆ గీతనైనా పాటిద్దాం.

నేను రైలులో ఉద్యోగానికి సికింద్రాబాద్ వెళ్లి వచ్చే మనిషిని. సీటు దొరికితే ఇరవై పేజీలు, దొరకకపోతే తలుపు దగ్గర నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకొని, ఇంకో చేతి బొటనవేలితో పేజీ తిప్పుతూ చదివినన్ని పేజీలు. అలా చదివేవాడికి పేజీ విలువ ఏమిటో తెలుస్తుంది. నా లెక్క పేజీలలోనే ఉంటుంది.

ములుగు పంతులమ్మ:

కాజీపేట అన్నగారి యునెస్కో నిర్వచనం గ్రంథాలయాల గణాంకాలకు పనికివస్తుంది, పాఠకులకు పనికిరాదు. ఆ గీత గీస్తే మన శతకాలు ఎన్ని మిగులుతాయో ఒకసారి ఆలోచించండి. సుమతీ శతకం వట్టి పద్యాలుగా అచ్చువేస్తే 30 పేజీలు దాటదు. అది పుస్తకం కాదని మా బడిలో పిల్లల ముందు నేను చెప్పలేను. పిల్లలు మొదటిసారి తమంతట తాము చివరి దాకా చదివే పుస్తకం ఎప్పుడూ సన్నదే అయి ఉంటుంది. మా ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె 24 పేజీల బొమ్మల కథ ముగించి, “టీచర్, అయిపోయింది” అని రెండు చేతులతో తెచ్చి ఇచ్చినప్పుడు, ఇది అర పుస్తకం అమ్మా అని చెప్పే ధైర్యం ఎవరికైనా ఉంటే ముందుకు రండి.

కాజీపేట జంక్షన్:

మేడమ్ గారు పిల్లల మాట తెచ్చారు. నేను పెద్దల మాట మాట్లాడుతున్నాను. ఎనిమిదో తరగతి పిల్ల మన జాబితాలో పోటీపడడం లేదు కదా. శతకాన్ని నేను కాదనలేదు. శతకం కంఠస్థం చేసి అప్పజెప్పమనండి, రెండు పుస్తకాలుగా లెక్క వేసుకోమంటాను.

సెకండ్ షిఫ్ట్, మంచిర్యాల:

గనికి పోయే బస్సులో ఫోన్లో విన్న పుస్తకాలను లెక్కలో వేసుకోవచ్చునా? ఒక నవల మొత్తం అలాగే విన్నాను.

హన్మకొండ పాఠకుడు:

కాజీపేట మిత్రుడు పేజీలతో లెక్క అంటున్నారు, బాగానే ఉంది. కానీ పేజీ అన్నది ఏ పేజీ? పెద్ద అక్షరాలతో, వరుసల మధ్య ఎడ్లబండి పట్టేంత ఖాళీతో వేసిన 200 పేజీలూ, పాత కాలపు చిన్న అక్షరాల డెమీ సైజు 200 పేజీలూ ఒకటేనా? కవిత్వం పేజీలో పది పంక్తులు ఉంటాయి, దాన్ని ఎలా కొలుస్తారు? పోతన గారి భాగవతం పన్నెండు స్కంధాలు. అది ఒక పుస్తకమా, పన్నెండా? పైగా మన బమ్మెర పోతన పేరుతోనే మనం చెప్పుకొనే ఆ గ్రంథంలో ఐదో స్కంధం గంగన, ఆరోది సింగన, చివరి రెండూ నారయ పూరించినవి. రాసినవారికే పూర్తి చేయడం సాధ్యపడని పుస్తకాన్ని ఏడాదిలో పూర్తి చేయలేదని పాఠకుడికి సున్నా వేస్తారా? అందుకే ఈ పేజీల తగాదా వద్దని, పుస్తకానికి ఒకటి చొప్పున వేసుకుందామని అన్నాను. సులువైన లెక్క ఉన్నచోట చిక్కు లెక్క దేనికి?

కాజీపేట జంక్షన్:

సులువైన లెక్క ఎవరికి సులువు అన్నదే ప్రశ్న. సార్ డిసెంబరు జాబితాను నేను తీరికగా చూశాను. ఆ ఒక్క నెలలో పదకొండు పుస్తకాలు ఉన్నాయి. అందులో ఎనిమిది 60 పేజీల లోపువి, మూడు ఉపన్యాసాల పునర్ముద్రణలు. నవంబరు వరకు ఆయన నెలకు మూడో నాలుగో చదివారు, అవన్నీ మంచి లావు పుస్తకాలే. ఇందులో నేరం ఏమీ లేదు. కానీ లెక్క మనిషిని ఎక్కడికి తీసుకుపోతుందో ఆ జాబితా చూస్తేనే అర్థమవుతుంది.

ములుగు పంతులమ్మ:

సన్న పుస్తకాల వైపు మాట్లాడాను గనుక నేను లెక్కల వైపు ఉన్నానని అనుకోవద్దు. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక బడిలో ప్రతి పిల్లా నెలకు ఇన్ని పుస్తకాలు చదవాలని పైనుంచి లెక్క వచ్చింది. లైబ్రరీ పీరియడ్‌కు ఒక రిజిస్టరు పెట్టారు. అందులో పుస్తకం పేరు, రచయిత పేరు, “నాకు నచ్చిన అంశం” అని మూడు గడులు. మొదటి నెల పిల్లలు చదివారు. రెండో నెల నుంచి వెనుక అట్ట మీద ఉన్న నాలుగు వాక్యాలను మూడో గడిలో దించడం నేర్చుకున్నారు. ఒక పిల్లవాడు రచయిత పేరు దగ్గర ముద్రణాలయం పేరు రాశాడు, దాన్నే చూసి మరో ఆరుగురు రాశారు. తనిఖీకి వచ్చినవారు రిజిస్టరు నిండుగా ఉందని మెచ్చుకొని వెళ్లారు. పెద్దల జాబితాలు చూసినప్పుడల్లా నాకు ఆ మూడో గడి గుర్తుకు వస్తుంది.

సెకండ్ షిఫ్ట్, మంచిర్యాల:

నా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు.

హన్మకొండ పాఠకుడు:

మేడమ్ గారూ, మీ బడి పిల్లలకు లెక్క పైనుంచి వచ్చింది. నా లెక్క నాకు నేను పెట్టుకున్నది. ఈ రెండింటినీ ఒక గాటన కట్టడం న్యాయం కాదు.

కాజీపేట మిత్రుడికి ఒక్క మాట. డిసెంబరులో సన్న పుస్తకాలు చదివాను, అవును. చలికాలంలో పెళ్లిళ్లు, ఇంట్లో చుట్టాలు. లావు పుస్తకం పట్టుకొని కూర్చునే వీలు ఉండదు. ఆ ఉపన్యాసాలు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో మన హన్మకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం పుట్టిన కాలం గురించినవి. సభ పెట్టాలన్నా అనుమతి కావలసిన నిజాం రాజ్యంలో, తెలుగు పుస్తకం చదవడానికి ఒక గది, నాలుగు బల్లలు సమకూర్చుకోవడమే ఉద్యమంగా సాగిన రోజుల సంగతులు వాటిలో ఉన్నాయి. అవి సన్నగా ఉన్నాయని తూకం వేసి పక్కన పెట్టేవారితో నేనేం మాట్లాడను?

కాజీపేట జంక్షన్:

సార్, మీరు చరిత్ర చెబుతున్నారు, నేను లెక్క అడుగుతున్నాను. ఎలాగూ ఇంత దూరం వచ్చింది గనుక మనసులో ఉన్నది చెప్పేస్తాను. మన సభ్యులలో ఒకరు నా దగ్గర ఒక పాత నవల ప్రతి తీసుకున్నారు. మా నాన్న కొన్నది. బైండింగు కుట్టు వదులై, పేజీలు పసుపెక్కి ఉంటాయి. రెండు వారాలకే తిరిగి ఇచ్చేశారు, వారి జాబితాలోనూ అది చేరింది. మొన్న దాన్ని తీసి చూస్తే మధ్యలో ఒకచోట రెండు ఆకులు పై అంచు దగ్గర ఇంకా కలిసే ఉన్నాయి. అచ్చువేసిన కాలంలో కోత సరిగ్గా పడని ఫారం అది. వాటిని కోయకుండా లోపలి రెండు పేజీలను ఎవరూ చదవలేరు. నేను ఇంతవరకు ఈ మాట ఎవరితోనూ అనలేదు.

గ్రూప్స్ అభ్యర్థి:

పుస్తకాల చర్చ కాస్తా పోలీసు విచారణగా మారింది.

హన్మకొండ పాఠకుడు:

పేరు చెప్పనంత మాత్రాన ఎవరికీ తెలియదని అనుకోవద్దు. మీ ఇంటికి వచ్చి ఆ పుస్తకం తీసుకువెళ్లింది నేనే. తెచ్చిన రోజు మీరే చాయ ఇచ్చి, “జాగ్రత్త సార్, మా నాన్నది” అన్నారు. ఆ మాట అన్నారు గనుకనే ఆ ఆకులను కోయలేదు. కింది అంచు తెరిచే ఉంది. అక్కడి నుంచి రెండు ఆకులనూ గొట్టంలా గుండ్రంగా వంచి, దీపం దగ్గర పెట్టి, లోపలికి తొంగి చూస్తూ ఆ రెండు పేజీలనూ చదివాను. ఒకరి తండ్రి కొన్న పుస్తకానికి నా చేత్తో కత్తి పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. దానికి నాకు దక్కిన బహుమానం ఇది. ముప్పై ఏళ్లు ఖాతాలు చూసి పదవీ విరమణ చేసినవాణ్ణి, దొంగ లెక్క రాస్తానని మీకు ఎలా అనిపించింది?

కాజీపేట జంక్షన్:

దొంగ లెక్క అన్న మాట నేను అనలేదు. ఆకులు కలిసి ఉన్నాయని మాత్రమే అన్నాను. అవి ఇప్పటికీ కలిసే ఉన్నాయి.

నిర్వాహకుడు:

సభ్యులు వ్యక్తిగత ఆరోపణలకు దిగవద్దని మనవి. ఇలాగే కొనసాగితే చర్చను మూసివేయవలసి వస్తుంది.

జమ్మికుంట పత్తిచేను:

మూసివేసేలోపు నేను కూడా ఒక మాట చెప్పుకుంటాను. ఈ చర్చను మొదటి నుంచి చదువుతున్నాను. పేజీలు, ఆకులు, యునెస్కో అని ఎంత మాట్లాడినా ఇందులో నాకు తగిలిన నొప్పి ఎక్కడా కనిపించలేదు.

నేను ఏడాదికి మూడో నాలుగో పుస్తకాలు చదువుతాను. పత్తి ఏరే కాలంలో అసలు చదవను. ఇంటిపన్నులో ప్రతి రూపాయికీ ఎనిమిది పైసలు గ్రంథాలయానికి కడతాం గనుక ఆ హక్కుతో శాఖా గ్రంథాలయం నుంచే తెచ్చుకుంటాను, కొనడం తక్కువ. పోయిన ఏడాది దాశరథి రంగాచార్య గారి ‘చిల్లర దేవుళ్లు’ చదివాను. దానిలో సగం ఎనుమాముల మార్కెట్ యార్డులో చదివాను. సాయంత్రం బస్తాలు దించుకుంటే వేలం పొద్దున గానీ మొదలు కాదు. బస్తాలను వదిలి పడుకోలేం. యార్డు స్తంభం దీపం కింద బస్తాకు ఒరిగి కూర్చొని, పురుగులు పేజీ మీద వాలితే ఊదుకుంటూ చదివాను. దొర గడీలో వెట్టి సన్నివేశం వచ్చినచోట పుస్తకం మూసి, చుట్టూ పడుకొని ఉన్న రైతులను, తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) కోసం ఎదురుచూస్తున్న మనుషులను కాసేపు చూశాను. ఆ తర్వాత దాని గురించి ఇక్కడ పెద్ద వ్యాసమే రాశాను. దాన్ని రాయడానికి నాకు చాలా రాత్రులు పట్టింది. చివరన ఒక ప్రశ్న కూడా అడిగాను. ఒక్కరు కూడా, మళ్లీ చెబుతున్నాను, ఒక్కరు కూడా బదులు ఇవ్వలేదు. దాని కిందనే ఒకరు “ఇది నా నలభై ఒకటో పుస్తకం” అని ఒక్క ముక్క రాస్తే, దానికి అభినందనలు వరుసకట్టాయి. అభినందించిన వారిలో ఒక్కరైనా ఆ నలభై ఒకటోది ఏ పుస్తకమని అడగలేదు.

సన్న పుస్తకమా, లావు పుస్తకమా అన్నది నాకు అక్కరలేదు. నేను చదివింది ఏమిటని అడిగే మనిషి కావాలి. ఊళ్లో పుస్తకం గురించి మాట్లాడుకునే తోడు దొరకకనే ఇక్కడికి వచ్చాను. ఇక్కడ కూడా వేలంపాట అంకెలే వినిపిస్తే, యార్డుకూ దీనికీ తేడా ఏముంది?

ములుగు పంతులమ్మ:

తమ్ముడూ, నీ వ్యాసం నేను చదివాను. బాగుందని మనసులో అనుకొని, తీరిక దొరికినప్పుడు వివరంగా రాద్దామని ఊరుకున్నాను. పరీక్ష పేపర్లు దిద్దే రోజులు అవి. అభినందన చెప్పడానికి ఒక్క నిమిషం చాలు, వ్యాసానికి బదులు రాయాలంటే మళ్లీ ఆ పుస్తకం తీయాలి.

కాజీపేట జంక్షన్:

పత్తిచేను మిత్రుడు సరిగ్గా నేను చెప్పదలుచుకున్నదే చెప్పారు. అందుకే పేజీలతో లెక్క వేస్తే తొందర తగ్గుతుందని మొదటి నుంచీ అంటున్నాను.

జమ్మికుంట పత్తిచేను:

లేదు సార్, నేను చెప్పింది మీ మాట కాదు. పేజీలతో వేసినా అది అంకెనే. పన్నెండు వేల పేజీలు చదివానని ఒకరు రాస్తే దానికి కూడా ఇలాగే అభినందనలు వస్తాయి.

హన్మకొండ పాఠకుడు:

ఆ నలభై ఒకటో పుస్తకం వాణ్ణి కూడా నేనే. ఈ చర్చలో అన్ని వేళ్లూ నా వైపే తిరుగుతున్నాయి గనుక కొంచెం పెద్దగా రాస్తాను, ఓపికగా చదవండి.

పదవీ విరమణ తర్వాత మొదటి రెండేళ్లు నేను పుస్తకం ముట్టలేదు. తీరిక లేక కాదు, తీరిక ఎక్కువై. పొద్దున పేపరు, ఆ తర్వాత ఫోను, మధ్యాహ్నం ఫోను, రాత్రి ఫోను. బీరువా నిండా పుస్తకాలు ఉండేవి. వాటిలో ఏది తీసినా పది పేజీలు దాటక ముందే చెయ్యి ఫోను వైపు పోయేది. జీవితమంతా చదువరిననే పేరు మోసిన మనిషికి అది ఎంత నామర్దాగా ఉంటుందో చెప్పలేను. ఈ వేదికలో 52 అని అందరి ముందు రాసిన తర్వాతే నాకు చదువు మళ్లీ పట్టుబడింది. నలుగురి ముందు చెప్పిన మాట గనుక తప్పుకోలేకపోయాను. ఇంట్లో నన్ను అడిగేవారు ఎవరూ లేరు. పిల్లలు దూరంగా ఉన్నారు. మీరు వెక్కిరిస్తున్న ఆ అంకె లేకపోతే నేను ‘అంపశయ్య’ను మళ్లీ తెరిచేవాణ్ణి కాదు, ప్రతాపరెడ్డి గారిని ముగించేవాణ్ణి కాదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. నెమ్మదిగా చదివేవారు లోతుగా చదువుతారని, ఎక్కువ చదివేవారు పైపైన తిరగేస్తారని ఈ చర్చలో అందరూ ఒప్పేసుకున్నట్లు మాట్లాడుతున్నారు. అది నిజం కాదు. ఏడాదికి మూడు చదివి మూడూ మరిచిపోయినవారు నాకు తెలుసు. తక్కువ చదవడం దానంతట అదే గొప్ప అయిపోదు. పత్తిచేను గారికి మాట్లాడే తోడు కావాలి, నాకు అడిగే సాక్షులు కావాలి. అవసరం వేరు కాబట్టి నాది దిగువ రకం అవసరం అనడం మర్యాద కాదు.

జమ్మికుంట పత్తిచేను:

దిగువ రకం అని నేను అనలేదు సార్. మీరు ఒంటరిగా ఉన్న సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు. కానీ ఒకటి అడుగుతాను. మీకు సాక్షులు కావాలన్నారు. మీరు చదివింది ఏమిటని కూడా అడగని మనిషి ఏ రకం సాక్షి? మీరు ‘చిల్లర దేవుళ్లు’ చదివారు. మీ జాబితాలో పదిహేడోది. నేను అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పగలవారు ఇక్కడ ఎవరైనా ఉన్నారంటే అది మీరే. మీరే చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

సెకండ్ షిఫ్ట్, మంచిర్యాల:

నేను బస్సులో విన్నది కూడా ఆ నవలనే. అందుకే అడిగాను.

హన్మకొండ పాఠకుడు:

మీ ప్రశ్న ఏమిటో మరొకసారి రాయండి. పాత వ్యాసం నాకు వెంటనే దొరకడం లేదు. 52ను మాత్రం వదిలిపెట్టను, ఇక్కడే రాస్తాను.

జమ్మికుంట పత్తిచేను:

రాయండి సార్, వద్దనను. నేను అభినందన చెప్పను, ఏ పుస్తకమని అడుగుతాను. నా ప్రశ్న ఇది. నిజాం కాలపు తెలంగాణ పల్లె, దేశ్‌ముఖ్ దౌర్జన్యం, కరణం కుతంత్రం, వెట్టి, అన్నీ మన నేల మీద జరిగినవే. అలాంటప్పుడు కథను నడపడానికి విజయవాడ వైపు నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన సంగీతకారుణ్ణి ఎందుకు తీసుకున్నారు? ఊరి బాధ చెప్పడానికి ఊరివాడి కళ్లు చాలవా?

హన్మకొండ పాఠకుడు:

చాలవని కాదు. ఊరివాడికి వెట్టి కొత్త కాదు. పొద్దున లేస్తే చూసేదే గనుక ఆశ్చర్యపోడు, ఆగి చూడడు. దొర ముందు చెప్పులు చేత పట్టుకోవడం ఏమిటని అడగాలంటే అది ఎన్నడూ చూడనివాడు కావాలి. సారంగపాణి అడిగినందువల్లే మనకూ అడిగే వీలు కలిగింది. పైగా అతను సంగీతకారుడు. గడీలోకీ వెళ్లగలడు, గుడిసెల వైపూ పోగలడు. ఊళ్లో ఇంకెవరికి అలా రెండు వైపులా తలుపు తెరుచుకుంటుంది? కూలివాడు గడీలో ఎంతవరకు వెళతాడు, వాకిలి దాకా.

ములుగు పంతులమ్మ:

అది ఒప్పుకుంటాను గానీ, ఊరివాడి కళ్లతో ఆ కాలాన్నే చెప్పిన నవల కూడా మనకు ఉంది. వట్టికోట ఆళ్వారుస్వామి గారి ‘ప్రజల మనిషి’లో కంఠీరవానికి బయటివాడి ఆశ్చర్యం అవసరపడలేదు. పుస్తకాలు మోసుకొని ఊరూరూ తిరిగి అమ్మి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన మనిషి రాసినది గనుక, తన పాఠకుడు ఎక్కడివాడో ఆయనకు తెలుసు. వెట్టి అంటే ఏమిటో ఆ పాఠకుడికి విప్పి చెప్పనక్కరలేదు. రంగాచార్య గారి పాఠకుడు వేరేచోట ఉన్నాడేమో.

కాజీపేట జంక్షన్:

వేరేచోట అంటే ఎక్కడ మేడమ్? మా నాన్న మహబూబాబాద్ దగ్గరి పల్లెలో కూర్చొని ఆ నవల చదివి, ఇది మా దొరనే అన్నాడు. బయటివాడి కోసం రాసిన పుస్తకమైతే ఆయనకు అలా ఎందుకు అనిపించాలి? హన్మకొండ సారు చెప్పిన రెండు తలుపుల మాట నాకు నచ్చింది, కానీ సారంగపాణి గుడిసెల వైపు ఎంతసేపు ఉన్నాడు? నాకు గుర్తున్నంతలో ఎక్కువ కథ గడీలోనూ కరణం ఇంట్లోనూ నడుస్తుంది.

జమ్మికుంట పత్తిచేను:

నాకూ అదే అనుమానం. అందుకే ఆ రాత్రి పుస్తకం మూశాను. సెకండ్ షిఫ్ట్ అన్నా, మీరు మొన్నమొన్ననే విన్నారు కదా. గుడిసెల వైపు కథ ఎంత ఉందో మీరు చెప్పండి.

సెకండ్ షిఫ్ట్, మంచిర్యాల:

వినేటప్పుడు తక్కువే ఉన్నట్టు అనిపించింది. కానీ వచ్చినప్పుడల్లా బస్సులో పక్కవాడు కూడా ఒక ఇయర్‌ఫోన్ అడిగి తీసుకొని విన్నాడు. రేపటి షిఫ్టుకు పోయేటప్పుడు ఆ భాగాలు మళ్లీ విని రాస్తాను.